ఆంగ్ల సమాసాల రాత: కలిపి రాయాలా, విడిగా రాయాలా?

రెండు లేదా అంతకు మించిన మాటలు జతపడి ఒకే వస్తువును, పనిని, గుణాన్ని చెప్పినప్పుడు వాటిని కాగితం మీద కలిపి రాయాలా, మధ్యలో ఎడం ఉంచాలా, హైఫన్ పెట్టాలా అన్నది ఆంగ్ల వర్ణక్రమంలో స్థిరమైన సూత్రం లేని అంశం. 'బ్లాక్‌బోర్డ్' ఒక మాటగా, 'పోస్ట్ ఆఫీస్' రెండు మాటలుగా, 'మదర్-ఇన్-లా' రెండు హైఫన్లతో రాయడం వాడుక. వ్యాకరణం దృష్టిలో ఈ మూడూ సమాసాలే. ఈ వ్యాసంలో ఆంగ్ల పదాలను తెలుగు లిపిలో చూపేటప్పుడు ఆంగ్లంలో ఎడం ఉన్నచోటే ఎడం, హైఫన్ ఉన్నచోటే హైఫన్ ఉంచడమైనది.

నిర్వచనం

విడివిడిగా వాడుకలో ఉన్న మాటలు కలిసి కొత్త పదంగా స్థిరపడితే అది సమాసం. పదబంధానికీ సమాసానికీ తేడా తేల్చడానికి భాషావేత్తలు సాధారణంగా రెండు పరీక్షలు పెడతారు. మొదటిది అర్థం: తరగతి గదిలో పచ్చరంగు పలక ఉన్నా అది 'బ్లాక్‌బోర్డే', నల్లరంగు వేసిన ఏ చెక్కైనా 'బ్లాక్ బోర్డ్' కావచ్చు. రెండోది చొరబాటు: సమాసం నడుమ మరో మాట దూరదు. పాత తపాలా కార్యాలయాన్ని 'ఓల్డ్ పోస్ట్ ఆఫీస్' అంటారు గాని, 'పోస్ట్ ఓల్డ్ ఆఫీస్' అనరు. రెండు మాటలుగా రాస్తున్నా 'పోస్ట్ ఆఫీస్' వ్యాకరణరీత్యా ఒకే పదమని దీనివల్ల తేలుతుంది. దాని మధ్య ఎడం కాగితం మీదే గాని మాట్లాడేటప్పుడు లేదు.

మూడు రూపాలు

ఎడంతో రాసేవి విడి రూపాలు: 'హై స్కూల్', 'బస్ స్టాప్', 'ఐస్ క్రీమ్'. హైఫన్‌తో రాసేవి హైఫన్ రూపాలు: 'మదర్-ఇన్-లా', 'ట్వెంటీ-వన్'. ఎడం లేకుండా రాసేవి కలిసిన రూపాలు: 'నోట్‌బుక్', 'న్యూస్‌పేపర్', 'ఎయిర్‌పోర్ట్'.

ఒకే కుటుంబంలో పుట్టినా రాత ఒకేలా ఉండకపోవడం ఇక్కడి ప్రధాన చిక్కు. 'వాటర్' అనే మాటతో మొదలయ్యేవే చూస్తే, పుచ్చకాయ ('వాటర్‌మెలన్'), జలపాతం ('వాటర్‌ఫాల్') కలిసిన రూపాలు; కలువ ('వాటర్ లిలీ'), గేదె ('వాటర్ బఫెలో') విడి రూపాలు; నీటి మీద స్కీయింగ్ చేయడమనే క్రియ ('వాటర్-స్కీ') హైఫన్ రూపం. తలనొప్పి, పంటినొప్పి ('హెడేక్', 'టూథేక్') ప్రతిచోటా కలిసే ఉంటాయి. కడుపునొప్పి మాత్రం బ్రిటన్‌లో రెండు మాటలు, అమెరికాలో ఒకటి. 'సమ్‌వన్', 'ఎవ్రీవన్', 'నోబడీ' కలిసిపోయినా 'నో వన్' విడిగానే ఉంది. కలిపితే రెండు 'ఓ' అక్షరాలు పక్కపక్కన పడి 'నూన్' అని చదివే ప్రమాదం ఉంది కాబట్టి. కొందరు బ్రిటిష్ రచయితలు దానికి హైఫన్ పెడతారు.

చరిత్ర

ప్రాచీన ఆంగ్లం సమాసాలు విరివిగా కట్టిన భాష. 'బేవుల్ఫ్' కావ్యంలో సముద్రం 'తిమింగలం దారి', శరీరం 'ఎముకల ఇల్లు'. ఈ కావ్యానికి మిగిలిన ఒకే ఒక్క రాతప్రతి క్రీ.శ. 1000 ప్రాంతానిది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అలనాటి లేఖకులు ఎడం విషయంలో నిలకడ పాటించలేదు. ఒక సమాసాన్ని ఒక పుటలో కలిపి, మరో పుటలో విడదీసి రాసేవారు. విభక్తి లాంటి చిన్న మాటలను పక్క పదానికి అంటించేవారు. పదాల మధ్య ఎడం ఉంచే అలవాటే ఐరోపాకు పాతది కాదు. ఎడం లేకుండా బారుగా సాగే లాటిన్ రాతను విడగొట్టడం ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో ఐరిష్, ఆంగ్ల మఠాల లేఖకుల చేతుల్లో స్థిరపడింది.

హైఫన్ అంతకన్నా పాతది. ఆ పేరుకు గ్రీకులో 'ఒకటిగా' అని అర్థం. ఎడం లేకుండా రాసిన గ్రీకు పాఠంలో ఏ రెండు మాటలను ఒకే పదంగా చదవాలో చెప్పడానికి వాటి కింద గీసిన వంపుగీత అది. పుట్టుకలో అది కలిపే గుర్తు. 1450ల నాటి గూటెన్‌బర్గ్ బైబిలులో పంక్తి చివర విరిగిన పదాన్ని సూచించే జంటగీతగా కనబడుతుంది. ఇలా ఒకే గుర్తుకు రెండు కొలువులు కుదిరాయి: సమాసాన్ని కలపడం, పంక్తి చివర పదాన్ని విరవడం. పంక్తి చివర ఒక సమాసం విరిగినప్పుడు ఆ హైఫన్ పదానిదో, పంక్తిదో చదువరికి తెలియదు. పాత పుస్తకాలను తిరిగి అచ్చు వేసేవారిని ఈ చిక్కు ఇప్పటికీ వదల్లేదు.

18, 19 శతాబ్దాల అచ్చులో హైఫన్ జోరు ఎక్కువ. ఈ రోజు, రేపు అనే అర్థాలున్న 'టుడే', 'టుమారో' మొదట రెండేసి మాటలు. పదహారో శతాబ్దం తర్వాత హైఫన్ రూపాలు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల దాకా అలాగే సాగి, తర్వాత కలిసిపోయాయి. 'బేస్‌బాల్' 19వ శతాబ్దపు పత్రికల్లో ఎక్కువగా రెండు మాటలు. 1891లో జేమ్స్ నైస్మిత్ కనిపెట్టిన ఆట కూడా మొదటి నిబంధనల పుస్తకంలో 'బాస్కెట్ బాల్' అని విడిగానే ఉంది. ఊరి పేర్లకూ హైఫన్ తప్పలేదు: 1851లో మొదలైన న్యూయార్క్ టైమ్స్ తన పేరులోని 'న్యూ-యార్క్' హైఫన్‌ను 1896 డిసెంబరు 1న గాని తీసేయలేదు.

ఇరవయ్యో శతాబ్దం ఈ గుర్తును క్రమంగా వదిలించుకుంది. షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఆరో కూర్పు 2007లో వెలువడినప్పుడు దాదాపు 16,000 పదాల్లో హైఫన్ పోయింది. ఆ పదాలన్నీ ఒకే దారిన వెళ్లలేదు. 'బంబుల్‌బీ', 'చిక్‌పీ', 'క్రైబేబీ', 'పిజన్‌హోల్' కలిసిపోగా, 'ఐస్ క్రీమ్', 'ఫిగ్ లీఫ్', 'టెస్ట్ ట్యూబ్', 'పాట్ బెల్లీ' విడిపోయాయి. హైఫన్ వాడటంలో జనానికి నమ్మకం సన్నగిల్లిందని, తెర మీది రాత ఆ తీరును వేగవంతం చేసిందని సంపాదకులు కారణం చెప్పారు.

కలిసి మరుగునపడ్డ సమాసాలు

కొన్ని జంటలు ఎంతగా కలిసిపోయాయంటే వాటిలో రెండు మాటలున్నాయని ఆంగ్లేయులకే తట్టదు. 'లార్డ్' ప్రాచీన ఆంగ్లంలో 'రొట్టెను కాచేవాడు'. 'లేడీ' రొట్టె పిండి పిసికే ఆమె. వెల్లుల్లికి పేరైన 'గార్లిక్'లో ఒకటి ఈటె, రెండోది ఉల్లిజాతి మొక్క. 'డైసీ' పువ్వు 'పగటి కన్ను'. ధాన్యం కొట్టు 'బార్న్' మొదట 'బార్లీ ఇల్లు'. కిటికీని చెప్పే 'విండో' ప్రాచీన నార్స్ భాష నుంచి వచ్చిన 'గాలి కన్ను'.

రాతలో అతుకు కనబడుతూ పలుకులో చెరిగిపోయినవి మరికొన్ని. 'కప్', 'బోర్డ్' కలిసిన పదాన్ని ఆంగ్లేయులు 'కబర్డ్' అంటారు. మన ఇళ్లలో అది 'కబోర్డు' అయి కూర్చుంది. ఉపవాసం విడవడమనే 'బ్రేక్', 'ఫాస్ట్' కలిసి 'బ్రెక్‌ఫస్ట్' అని పలుకుతాయి. ధ్వని మారిన సమాసానికి రాత కూడా స్థిరపడుతుంది. దాన్ని మళ్లీ విడగొట్టి రాయాలని ఎవరికీ తోచదు. ధ్వని మారని సమాసాలతోనే పేచీ అంతా.

మూడు మెట్ల సిద్ధాంతం

సమాసం ముందు విడిగా పుట్టి, వాడుక పెరిగే కొద్దీ హైఫన్ తెచ్చుకుని, చివరకు కలిసిపోతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 'టుడే', 'బేస్‌బాల్', 'వెబ్‌సైట్' లాంటివి దీనికి సరిపోతాయి. అయితే ఇది ధోరణి మాత్రమే, నియమం కాదు. 'హై స్కూల్', 'పోస్ట్ ఆఫీస్' శతాబ్దాలుగా నోళ్లలో నలుగుతున్నా ఎడం వదల్లేదు. 'ఐస్ క్రీమ్' పైన చెప్పినట్టు హైఫన్ మెట్టు నుంచి వెనక్కి దిగింది. కొత్తగా పుట్టిన 'స్మార్ట్‌ఫోన్' లాంటి పదాలు మధ్య మెట్టు ఎక్కకుండానే కలిసిపోయాయి.

రాతను ప్రభావితం చేసే అంశాలు

పొడవు: రెండు అక్షరభాగాల నామవాచకాలు కలిసిపోవడానికి, అంతకన్నా పొడవైనవి విడిగా ఉండటానికి మొగ్గు ఎక్కువ. 'బెడ్‌రూమ్' ఒకటి, 'కాన్ఫరెన్స్ రూమ్' రెండు. క్రిస్టీనా సాంచెజ్-స్టాక్‌హామర్ ఆంగ్ల సమాసాల రాత మీద 2018లో కేంబ్రిడ్జ్ ప్రచురణగా తెచ్చిన గ్రంథం ఇలాంటి డజన్ల కొద్దీ అంశాలను తూచి, పొడవుకూ వ్యాకరణ వర్గానికీ పెద్దపీట వేసింది.

వాడుక: తరచుగా కనబడే జంట త్వరగా కలుస్తుంది. విక్టర్ కూపర్‌మన్, రేమండ్ బెర్ట్రామ్ 2013లో ప్రచురించిన పరిశీలన నామవాచక జంటల రాత మార్పులకు పదం పొడవు, వాడుక లాంటివాటితో ఉన్న లంకెను చూపింది.

అక్షరాల ఢీ: కలిపినచోట కన్ను తడబడేలా ఉంటే ఎడమో హైఫనో నిలుస్తుంది. గవ్వలాంటిది అనే అర్థంలో 'షెల్-లైక్'ను కలిపితే మూడు 'ఎల్'లు వరసగా వస్తాయి. 'కో-వర్కర్'లో హైఫన్ తీసేస్తే మొదట ఆవు కనబడుతుంది. కానీ లెక్కలు రాసే గుమాస్తాను చెప్పే 'బుక్‌కీపర్'లో 'ఓ', 'కె', 'ఇ' మూడూ జంటలుగా వరస కట్టినా అది కలిసే ఉంది.

వ్యాకరణ వర్గం: ఒకే జంట క్రియగా విడి, నామవాచకంగా కలయిక. కంప్యూటరులోకి ప్రవేశించడం 'లాగ్ ఇన్'. ప్రవేశపు వివరాలు 'లాగిన్'. విమానం గాల్లోకి లేవడం 'టేక్ ఆఫ్'. ఆ లేవడానికి పేరు అమెరికాలో 'టేకాఫ్', బ్రిటన్‌లో తరచు 'టేక్-ఆఫ్'. నామవాచకానికి ముందు వచ్చే విశేషణ జంటకు హైఫన్ పెట్టడం, తర్వాత వస్తే తీసేయడం మరో అలవాటు: పేరున్న రచయిత 'వెల్-నోన్ రైటర్', ఆ రచయితకు పేరుంది అన్నప్పుడు 'వెల్ నోన్'. ఇరవై ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా సంఖ్యలను అక్షరాల్లో రాస్తే హైఫన్ తప్పనిసరి. ఈ మొత్తం వ్యవహారంలో దాదాపు అందరూ ఒప్పుకున్న కొద్ది నియమాల్లో ఇదొకటి.

ఊనిక

సమాసంలో మొదటి మాట మీద, పదబంధంలో రెండో మాట మీద ఊనిక పడుతుందని బోధిస్తారు. మొక్కలు పెంచే గాజు గది 'గ్రీన్‌హౌస్'లో 'గ్రీన్' గట్టిగా పలుకుతుంది. పచ్చరంగు ఇల్లు 'గ్రీన్ హౌస్'లో 'హౌస్'. ఈ సూచన రాతకు నమ్మకమైన ఆధారం కాదు. అమెరికా అధ్యక్ష భవనం 'వైట్ హౌస్'లో ఊనిక మొదటి మాట మీదే, రాత మాత్రం రెండు మాటలు. 'ఆపిల్ కేక్'లో ఊనిక 'ఆపిల్' మీద, 'ఆపిల్ పై'లో 'పై' మీద; రెండూ విడి రూపాలే. లండన్‌లో 'ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్' అంటే ఊరి పేరు మీద, 'ఆక్స్‌ఫర్డ్ రోడ్' అంటే రోడ్డు మీద ఊనిక పడుతుంది. ఎందుకని అడిగితే చెప్పడం కష్టం. 'స్ట్రీట్' తో ముగిసే వీధుల పేర్లన్నిటిదీ అదే తీరు.

అర్థం మారే సందర్భాలు

చాలా సమాసాల్లో ఎడం ఉన్నా లేకున్నా అర్థం చెడదు. కొన్నిటిలో చెడుతుంది, పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే. 'ఎవ్రీడే' కలిపితే 'మామూలు, నిత్యవాడుక' అనే విశేషణం. విడదీసిన 'ఎవ్రీ డే' 'ప్రతిరోజూ'. ప్రతిరోజూ తెరిచి ఉంటుందని చెప్పబోయి దుకాణాల బోర్డుల మీద కలిపి రాయడం ఇక్కడే కాదు, లండన్‌లోనూ కనబడే పొరపాటు. 'మేబీ' బహుశా, 'మే బీ' కావచ్చు అనే క్రియ. 'ఆల్రెడీ' అప్పటికే, 'ఆల్ రెడీ' అందరూ సిద్ధం. 'ఆల్‌టుగెదర్' పూర్తిగా, 'ఆల్ టుగెదర్' అందరూ ఒకచోట.

హైఫన్ విషయంలో పాఠ్యపుస్తకాలకు ఇష్టమైన ఉదాహరణ చేపది. 'మ్యాన్-ఈటింగ్ ఫిష్' మనుషుల్ని తినే చేప. హైఫన్ తీసేస్తే చేప తింటున్న మనిషి మిగులుతాడు. అలాగే 'రీ-సైన్' మళ్లీ సంతకం చేయడం, 'రిజైన్' రాజీనామా. అక్షరాలు అవే, తేడా ఒక చిన్న గీత. ఉద్యోగ ఒప్పందాల వార్తల్లో దీన్ని వదిలేస్తే కథ తలకిందులవుతుంది.

సమాస వర్గాలు, సంస్కృత పరిభాష

(చూ. బహువ్రీహి, ద్వంద్వం) ఆంగ్ల సమాసాలను వర్గీకరించడానికి భాషాశాస్త్రం సంస్కృత వ్యాకరణం నుంచి పేర్లు అరువు తెచ్చుకుంది. పందొమ్మిదో శతాబ్దంలో సంస్కృతం చదివిన ఐరోపా పండితులు 'బహువ్రీహి', 'ద్వంద్వ' అనే మాటలను అలాగే వాడుకలోకి తెచ్చారు. ఇవి ఇప్పటికీ ఆంగ్ల వ్యాకరణ గ్రంథాల్లో ఉన్నాయి. ఎర్రజుట్టు మనిషిని చెప్పే 'రెడ్‌హెడ్' బహువ్రీహి: చెప్పింది తల, ఉద్దేశించింది మనిషి. ఇలాంటివి కలిసిన రూపానికే ఎక్కువగా చేరతాయి. ఇద్దరూ ఒకరే అయిన 'యాక్టర్-డైరెక్టర్' లాంటి సమప్రాధాన్య జంటలు హైఫన్ కోరతాయి. బహువచన ప్రత్యయం నడుమ చేరే జాతి మరొకటి: అత్తలు ఎందరున్నా ప్రత్యయం 'మదర్'కే. దారిన పోయేవారిని చెప్పే పదాన్ని అమెరికన్లు హైఫన్ లేకుండా కలిపేసినా బహువచనం 'పాసర్స్‌బై'. 'ఎస్' మధ్యలోనే ఉండిపోయింది.

నిఘంటువులు, శైలి గ్రంథాలు

ఆంగ్లానికి భాషా అకాడమీ లేదు. తీర్పు చెప్పేది నిఘంటువులు, అచ్చుశాలల శైలి గ్రంథాలు. ఆక్స్‌ఫర్డ్ అచ్చుశాల కంపోజిటర్ల కోసం 1893లో వచ్చిన హార్ట్స్ రూల్స్, 1906లో మొదటిసారి వెలువడిన చికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్, 1926 నాటి ఫౌలర్ వాడుక నిఘంటువు ఈ అంశాన్ని విస్తారంగా చర్చించాయి. చికాగో గ్రంథంలో హైఫన్లకే ఒక పెద్ద పట్టిక ఉంది. అమెరికా ప్రభుత్వ ప్రచురణ కార్యాలయం శైలి గ్రంథం సమాసాల నియమాలకు ఒక అధ్యాయం, ఉదాహరణలకు మరో అధ్యాయం కేటాయించింది.

ఈ గ్రంథాలు వాడుక వెనకే నడుస్తాయి. అసోసియేటెడ్ ప్రెస్ స్టైల్‌బుక్ 'వెబ్‌సైట్'ను 2010లో, 'ఈమెయిల్'ను 2011లో గాని కలపలేదు; అప్పటికే లోకం వాటిని కలిపి రాసి ఏళ్లయింది. అదే గ్రంథం 'హెల్త్ కేర్'ను ఏళ్ల తరబడి విడిగా ఉంచగా, ఎన్నో ఆసుపత్రులు, బీమా సంస్థలు తమ పేర్లలో కలిపి రాస్తున్నాయి. న్యూయార్కర్ పత్రిక 'టీన్-ఏజర్'కు హైఫన్ పెట్టే పాత పద్ధతిని పట్టుదలగా పాటించింది. ఒక నిఘంటువును ఎంచుకుని పుస్తకం మొదటి నుంచి చివరి దాకా దాన్నే అనుసరించాలన్నది సంపాదకుల సాధారణ కట్టడి. ఏ నిఘంటువు అన్నదాని కంటే నిలకడే ముఖ్యం.

యంత్రాలు, వ్యాపారం

మాటల లెక్క డబ్బు లెక్క అయినచోట ఎడానికి ధర ఉంటుంది. టెలిగ్రాములో రుసుము మాటకు ఇంత అని ఉండేది కాబట్టి రెండు మాటలను ఒకటిగా ఇరికించే ప్రయత్నాలు సాగేవి. భారతదేశంలో ఆ సేవ 2013 జులైలో ముగిసింది. మైక్రోసాఫ్ట్ వర్డ్ ఎడాన్ని బట్టి లెక్కించడంతో 'మదర్-ఇన్-లా' దానికి ఒకే మాట. స్క్రాబుల్ ఆటలో హైఫన్ అవసరమైన పదం చెల్లదు. వెబ్ చిరునామాలో ఎడం పట్టదు కాబట్టి కంపెనీల పేర్లు అతుక్కోవడం మామూలైంది: 'యూట్యూబ్', 'ఫేస్‌బుక్', 'పేపాల్'. వాల్‌మార్ట్ సంస్థ తన చట్టబద్ధ నామంలోని హైఫన్‌ను 2018 ఫిబ్రవరి 1 నుంచి తొలగించింది.

భారతదేశంలో

భారతీయ ఆంగ్లం సాధారణంగా బ్రిటిష్ పద్ధతిని పాటిస్తుంది. రాజ్యాంగం ఆంగ్ల పాఠంలో ఉపరాష్ట్రపతి (63వ అధికరణ), అటార్నీ-జనరల్ (76), కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్-జనరల్ (148), అడ్వకేట్-జనరల్ (165) పదవులన్నిటికీ హైఫన్ ఉంది. ఆడిటర్ జనరల్ కార్యాలయం తన వెబ్‌సైటులో హైఫన్ లేకుండానే రాసుకుంటోంది.

తెలుగులోకి వచ్చిన ఆంగ్ల సమాసాలు

(చూ. సంధి, సమాసం) పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858)లో సమాసాలకు ప్రత్యేక పరిచ్ఛేదం ఉంది. తెలుగు సమాసంలో అతుకు చాలాసార్లు చెవికి తెలుస్తుంది: తల్లి, తండ్రి కలిస్తే 'తల్లిదండ్రులు', అన్న, తమ్ముడు కలిస్తే 'అన్నదమ్ములు'. 'త' కాస్తా 'ద' అయ్యాక విడదీసి రాయడం కుదరదు. ఇలాంటి ఆదేశం లేనిచోట తెలుగుకూ ఆంగ్లం బెడదే. 'బడిపంతులు', 'బడి పంతులు' రెండూ అచ్చులో కనబడతాయి.

ఆంగ్లం విడిగా ఉంచిన జంటలను తెలుగు నోరు తన సంధి సూత్రాలతో కలిపేసింది. 'పోస్టు', 'ఆఫీసు' మధ్య ఉత్వసంధి నిత్యం కావడంతో 'పోస్టాఫీసు' వచ్చింది. 'బస్ స్టాండ్'లో రెండు సకారాలు ఒకటై 'బస్టాండు' అయింది. 'బస్టాపు' కూడా అంతే. ఆంగ్లంలో ఈ మూడూ నేటికీ రెండేసి మాటలు. సంధికి చోటు లేని 'రైల్వే స్టేషన్' తెలుగులోనూ విడిగానే ఉంది.

కంప్యూటరులో తెలుగు రాసేవారికి మరో సమస్య ఎదురవుతుంది. 'సాఫ్ట్' తర్వాత 'వేర్' నేరుగా కొడితే వకారం ముందున్న హల్లు కింద ఒత్తుగా చేరి పదం గుర్తుపట్టరానిదవుతుంది. ఎడం ఇస్తే రెండు మాటలవుతాయి. కలిపీ ఒత్తు రాకుండా ఉండాలంటే మధ్యలో వెడల్పు లేని ఒక యూనికోడ్ గుర్తు వేయాలి. 'సాఫ్ట్‌వేర్', 'ఫేస్‌బుక్', 'ఫుట్‌బాల్' లాంటి పదాల్లో ఉండేది అదే. దాని సంఖ్య 200సి.